వీసా వచ్చిన తలుపు

కథ కోరినందువల్ల తమ కొత్త సినిమాలోని ఒక ముఖ్య సన్నివేశాన్ని విదేశంలో తీయబోతున్నట్లు ఆ కంపెనీ ప్రకటించింది. ప్రకటన చదివి ఎవరూ ఆశ్చర్యపోలేదు. కథలు అలా కోరుతూనే ఉంటాయి. ఎండలు ముదిరే నెలల్లో మరీ ఎక్కువగా కోరతాయి, అదీ చల్లటి దేశాలనే.

ఈ సినిమా కథ మాత్రం కాస్త ఇంటిపట్టున ఉండే రకం. ఒక పెద్దమనిషి నలభై ఏళ్లు తన గడప దాటకుండా ఇంట్లోనే ఉండిపోతాడు. చివర్లో ఒకనాడు లేచి, తలుపు తీసి, బయట అడుగు పెడతాడు. అంతే. ఇంతోటి దానికి విదేశం దేనికని కంపెనీలో ఒకతను అడిగాడు. అతను ఇప్పుడు వేరే కంపెనీలో పనిచేస్తున్నాడు.

"నలభై ఏళ్లు బయటికి రాని మనిషికి బయటేం కనబడినా పరాయి దేశమే కదండీ," అన్నారు డైరెక్టరు గారు. "అంచేత బయట పరాయి దేశమే ఉండాలి."

అది విని నిర్మాత కళ్లు తుడుచుకున్నారు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పెద్దాయన కళ్లు తుడుచుకున్నారంటే ఆ విషయం తీర్మానమైపోయినట్లే.

ఈ తీర్మానం వల్ల లోకంలో ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు, ఒక్క మేస్త్రికి తప్ప.

మేస్త్రి పాతికేళ్లుగా ఆ కంపెనీకి సెట్లు వేస్తున్న వడ్రంగి. మనిషి మాట్లాడడం తక్కువ. కోర్టులు కట్టాడు, జైళ్లు కట్టాడు, కోటలు కట్టి మూడోనాడు కూల్చాడు. ఆయన కట్టిన వాటన్నిటికీ ముందు ఉంటుంది గానీ వెనక ఉండదు. ముందూ వెనకా రెండూ ఉన్న కట్టడం ఆయనకు ఒక్కటే, సొంత ఇల్లు. దాని తలుపు వాళ్ల నాన్న చేసింది. ఇనప బందులు లేవు. పైనా కిందా కొయ్యమేకుల మీద తిరుగుతుంది. తీసేటప్పుడు సన్నగా మూలుగుతుంది. లోపలి అంచున కత్తిగాట్లు కొన్ని, ఒకదాని మీద ఒకటి. అవి ఆయన కూతురు ఏటేటా ఎదిగిన గుర్తులు.

వేరే పని మీద వచ్చిన డైరెక్టరు గారు ఒకనాడు ఆ తలుపు తోశారు. మూలిగింది. వెనక్కి వేశారు. మళ్లీ మూలిగింది. పదకొండుసార్లు తీసి వేసి, "ఈ మూలుగులో నలభై ఏళ్లున్నాయి," అన్నారు.

వారం తిరక్కుండా లోపలి దృశ్యం మేస్త్రి ఇంట్లోనే తీశారు. హీరో వచ్చి తలుపు మీద చెయ్యి వేస్తాడు, తలుపు కదులుతుంది. అక్కడికి ఆపారు. మిగతా సగం, అంటే తలుపు అవతలి సగం, విదేశంలో. బయటినుంచి కూడా అదే తలుపు కనబడాలి కాబట్టి, తర్వాత మరిచిపోతామేమోనని, ఆ సాయంత్రమే దాన్ని ఊడదీసి వ్యాన్ ఎక్కించారు.

"పది రోజులు మేస్త్రీ. పదకొండో రోజు నీ తలుపు నీ ఇంట్లో ఉంటుంది," అన్నారు పెద్దాయన.

ఒక కాగితం మీద సంతకం కూడా చేయించుకున్నారు. "చిత్రము పూర్తియగునంతవరకు ఇంటి ముఖద్వారమును ఉన్నది ఉన్నట్లుగా ఉంచవలెను. క్రొత్తగా ఏదియు బిగించరాదు." తిరిగి వచ్చాక లోపల ఇంకొక షాటు ఉంది, అందుకని. కాగితం చదివినప్పుడు తలుపు గోడకే ఉంది. సంతకం ఆరేసరికి వ్యాన్‌లో ఉంది.

ఆ రకంగా, ఊరందరికీ తలుపులు చేసిపెట్టే మనిషి ఇంటికి తలుపు లేకుండా పోయింది. ఇంకొకటి చేసుకోవడం ఆయనకు ఒక పూట పని. చేసుకోకూడదు, సంతకం ఉంది.

వాకిలికి పాత దుప్పటి కట్టారు. ప్రతి శుక్రవారం కంటిన్యుటీ పెద్దమనిషి వచ్చి దాన్ని తీయించేవాడు. ఒక షాటులో ఉన్నది తర్వాతి షాటులో కూడా అలాగే ఉందా లేదా అని చూడడం ఈయన పని. ముప్పై ఏళ్ల అనుభవం, మెడలో తాడుకి వేలాడే కళ్లద్దాలు. తలుపు లేని ఆ వాకిలి ఏమీ మారకుండా ఉందో లేదో వారం వారం ఫొటో తీసుకుని, వెనక తేదీ రాసుకుని వెళ్లేవాడు. మూడో శుక్రవారం ఒక వీధికుక్క లోపలికి వచ్చి కూర్చుంది. అది ఫొటోలో పడింది. నాలుగో శుక్రవారం కుక్క లేదు. పెద్దమనిషికి ప్రాణం ఉసూరుమంది.

"కుక్క ఏదమ్మా?" అన్నాడు మేస్త్రి భార్యతో.

"తరిమేశాను."

"ఎంత పని చేశావు తల్లీ. అది కంటిన్యుటీలో ఉంది."

కుక్కను వెతికి తెచ్చారు. అప్పటినుంచి దానికి రెండు పూటలా అన్నం పెట్టడం ఆ ఇంటి బాధ్యత అయింది.

ఇవన్నీ నవ్వుకుంటూ భరించగలిగినవే. అసలు చిక్కు వేరే ఉంది. మేస్త్రి కూతురు రైల్లో ఒక పగలు దూరంలో వేరే ఊళ్లో ఉంటుంది. తొలి కాన్పు. అల్లుడిది షిఫ్టుల పని, చూసే ఆడదిక్కు లేదు. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. తొమ్మిదో నెల వచ్చేసరికి తల్లి వెళ్లాలి. తండ్రికి కూడా వెళ్లాలని ఉంది, ఆయన పైకి చెప్పడు గానీ. ఇద్దరూ వెళ్లాలంటే ఇంటికి తాళం వెయ్యాలి. తాళానికి తలుపు కావాలి.

"పది రోజులన్నారు, మూడున్నర నెలలైంది," అంది భార్య. "కాన్పు నాటికి నా తలుపు నాకు రావాలి. రాకపోతే, చూడయ్యా, ఈ ఇంటికి నువ్వు తలుపవుతావో నేను తలుపవుతానో ఇప్పుడే తేల్చుకో."

"అడుగుతాలే."

"నువ్వా అడిగేది? నువ్వు నోరు తెరిచి అడిగేసరికి మనవడు తలుపులు చేస్తుంటాడు."

మేస్త్రి అడగడానికే కంపెనీకి వెళ్లాడు. అక్కడ విదేశీ చిత్రీకరణ సన్నాహక సంఘం ఏడో సమావేశం జరుగుతోంది. సంఘానికి అధ్యక్షుడు పెద్దాయన బావమరిది. సంఘం ఏర్పడేనాటికి ఆ దేశం చూసి వచ్చినవాడు కంపెనీ మొత్తానికి ఆయనొక్కడే. ఇంకో దేశానికి పోతూ, విమానం మారడానికి, ఆ దేశపు విమానాశ్రయంలో తొమ్మిది గంటలు కూర్చున్నాడు.

"అక్కడివాళ్లు చాలా క్రమశిక్షణ గలవాళ్లు," అని ఆయన చెబుతున్నాడు. "ఎక్కడ చూసినా వరసలో నిలబడతారు. ప్రతివాడి చేతిలో ఒక పెట్టె ఉంటుంది. నేల అద్దంలా ఉంటుంది. ఒకరినొకరు పేరు పెట్టి మైకులో పిలుచుకుంటారు."

సంఘం వారు రాసుకున్నారు.

మేస్త్రి వెళ్లి చివర ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన తలుపు ఆ గదిలోనే ఉంది. గది తలుపు గొళ్లెం ఊడిపోయి గాలికి తెరుచుకుంటుంటే, దానికి అడ్డంగా ఆయన తలుపును ఆనించి పెట్టారు. "తాకరాదు" అని దానికి చీటీ అంటించారు. ఎవరైనా లోపలికి రావాలంటే దాన్ని తాకి జరపాల్సిందే, జరుపుతున్నారు. మేస్త్రి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి గది గొళ్లెం బాగుచేసి, తన తలుపును గోడకు చేర్చాడు. సంఘం ఏడు సమావేశాల్లో సాధించిన పని అదొక్కటే అయినా, మినిట్సులో అది చేరలేదు.

అప్పటికి తలుపు ఎక్కడ నిలబెట్టాలో చూసి రావడానికి ఎనిమిది మంది ఆ దేశం వెళ్లి వచ్చారు. ఫొటోలు నాలుగు వందలు తెచ్చారు. అన్నిటిలోనూ వాళ్లే ఉన్నారు. వెనక ఏముందో వాళ్ల భుజాల మధ్యనుంచి కనబడలేదు. భుజాలు సన్నగా ఉన్న ఇంకో ఎనిమిది మందిని పంపాల్సి వచ్చింది.

వెళ్లేవాళ్ల జాబితా మొదట పద్నాలుగు మందితో మొదలైంది. సమావేశం సమావేశానికి అది బలిసింది. పెద్దాయన అత్తగారు చేరారు, చలి దేశంలో మోకాళ్లు ఎలా ఉంటాయో చూడాలని. డైరెక్టరు గారి ఇద్దరు తోడల్లుళ్లు చేరారు, ఒకరిని పిలిచి ఇంకొకరిని మానితే ఇంట్లో మాట వస్తుందని. కుటుంబ విలువలున్న సినిమా కాబట్టి ఎవరూ కాదనలేదు. అందరికీ చోటు సరిపోయేలా కొందరిని తగ్గించారు. సౌండు రికార్డు చేసే ఆయన్ని తీసేశారు. "ఆ దేశంలో శబ్దాలు తక్కువ," అని బావమరిది హామీ ఇచ్చాడు. కెమెరామన్‌ను కూడా తీసేయబోయారు గానీ, ఫొటోలు ఎవరు తీస్తారని తోడల్లుళ్లు పట్టుబట్టడంతో ఆయన మిగిలాడు.

చివరికి ముప్పై ఎనిమిది మంది తేలారు. జాబితాలో ఒకటో నంబరు తలుపు. దాని కింద, "1-అ: తలుపుతో వచ్చు మనిషి" అని మేస్త్రి. దాన్ని నిలబెట్టడం ఇంకెవరికీ చేతకాదు మరి.

"నేను రాకపోతే?" అన్నాడు మేస్త్రి. ఆ సమావేశం మొత్తానికి ఆయన అడిగిన ప్రశ్న అదే.

"నువ్వు రాకపోతే తలుపు నిలబడదు. తలుపు నిలబడకపోతే సినిమా లేదు. సినిమా పూర్తి కాకపోతే నీ వాకిలి అలాగే ఉండిపోతుంది," అన్నారు పెద్దాయన, ఎంతో ఆప్యాయంగా. "నువ్వు ఎంత తొందరగా వస్తే నీ తలుపు అంత తొందరగా వస్తుంది మేస్త్రీ."

ఇది మేస్త్రికి సబబుగానే తోచింది. వెళ్లి, బిగించి, ఊడదీసి, వెంటబెట్టుకుని వచ్చేస్తే కాన్పు నాటికి అందుతుంది. లెక్క చూసుకుంటే నాలుగు రోజులు మిగిలాయి కూడా.

ముందు తలుపు కాగితాలు పెట్టారు. పరాయి దేశపు సామాను తమ దేశంలోకి వచ్చి అక్కడే ఉండిపోకూడదని ఆ దేశం వారికి పట్టుదల. దరఖాస్తులో అన్నీ అడిగారు. ప్రయాణ కారణము: తెరుచుకొనుట. బస చేయు కాలము: ఆరు దినములు. తిరిగి వెళ్లునా: వెళ్లును. తిరిగి వెళ్లుటకు ఆధారము జతపరచుము.

ఆధారం మేస్త్రినే రాసివ్వమన్నారు. ఆయన ఒక పూటంతా కూర్చుని రాశాడు. "ఈ తలుపు మా నాన్న చేసినది. మా ఇంటికి ఇది తప్ప వేరే తలుపు లేదు. లోపలి అంచున మా అమ్మాయి ఎదిగిన గుర్తులు ఉన్నవి. మేము దీని కోసం చూస్తున్నాము. కాన్పులోగా పంపగలరు."

నాలుగో రోజున అనుమతి వచ్చేసింది. సదరు తలుపునకు స్వదేశములో ఇల్లు, కుటుంబము, ఎదురుచూచువారు ఉన్నట్లు రుజువైనందున తిరిగి వెళ్లునని నమ్మడమైనది, అని ముద్ర వేసి పంపారు.

తర్వాత మేస్త్రి వంతు. ఆ దేశపు కార్యాలయంలో అద్దం అవతల ఒక అధికారి, పక్కన మాటలు మార్చి చెప్పే ఆవిడ. కంపెనీ వారు కాగితాలన్నీ పద్ధతిగా సర్ది ఇచ్చారు. ఇంటి ఫొటో కావాలంటే కంటిన్యుటీ పెద్దమనిషి తన పదహారు శుక్రవారాల ఫొటోలూ తేదీలతో సహా జతచేశాడు. ఆయన జీవితంలో అంత పకడ్బందీగా ఏ పనీ చేయలేదు.

అధికారి పదహారూ వరసగా పేర్చి చూశాడు.

"ఈ ఇంట్లో ఎవరైనా ఉంటున్నారా?" అని అడిగించాడు.

"మేమే ఉంటాం."

"తలుపు ఏది?"

"మీ దేశం వస్తోందండీ."

"ఎప్పుడు?"

"మొన్ననే అనుమతి ఇచ్చారు కదా. మీరే సంతకం పెట్టారు."

"మరి ఈ కుక్క?"

"మాది కాదు. ఉండాలన్నారు, ఉంది."

మేస్త్రి జన్మలో కొత్తవాళ్లతో అంత మాట్లాడలేదు. మాట్లాడిందంతా నిజమే. ఫలితం రెండో రోజు వచ్చింది. దరఖాస్తుదారు నివాసమునకు తలుపు లేనందునను, పదహారు వారములుగా అదే స్థితి ఉన్నందునను, లోపల కుక్క మాత్రమే నివసించుచున్నట్లు కనబడుచున్నందునను, ఇతడు స్వదేశమును విడిచిపెట్టుటకు సిద్ధపడినవాడని భావించి నిరాకరించడమైనది.

కాగితం భార్య చేతికిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివింది.

"తలుపు తిరిగొస్తుందని నమ్మారు. నువ్వు రావని అన్నారు."

"ఊఁ."

"ముప్పై ఏళ్ల కాపురంలో దుకాణం దాకా వెళ్లి కూడా గంటలో తిరిగొచ్చే మనిషివి. వాళ్లకేం తెలుసు," అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు. నవ్వి నవ్వి, ఆ తర్వాత కళ్లు తుడుచుకుని పెట్టె సర్దుకుంది. "అయితే తేలిపోయిందిగా. నువ్వే తలుపు. నేను పిల్ల దగ్గరికి పోతున్నా."

తలుపు విమానం ఎక్కింది. వెనకే ముప్పై ఏడు మందీ ఒకే రంగు స్వెట్టర్లలో ఎక్కారు. భార్య రైలెక్కింది. మేస్త్రి ఒక బల్ల చేసుకుని వాకిలికి అడ్డంగా వేసుకుని కూర్చున్నాడు. వచ్చేపోయేవాళ్లు "ఏం మేస్త్రీ, కాపలానా?" అని అడిగితే తల ఊపేవాడు. పక్కన కుక్క కూర్చునేది.

ఐదో రోజు మధ్యాహ్నం డైరెక్టరు గారు ఫోను చేశారు. తలుపు నిలబెట్టారట, తోస్తే రావడం లేదట. ఫోనులో చూపించారు. పచ్చటి కొండ మీద, వెనక ఇల్లు లేకుండా, వాళ్ల నాన్న తలుపు నిలబడి ఉంది.

"తలకిందులుగా ఉంది," అన్నాడు మేస్త్రి.

తిప్పారు. ఇంకో గంటకు మళ్లీ ఫోను. ఇప్పుడు తెరుచుకుంటోంది గానీ మూలగడం లేదు. చలికో, పరాయిచోటు కావడం వల్లో, గుట్టుగా తెరుచుకుంటోంది. మూలుగు లేకపోతే నలభై ఏళ్లు లేనట్లే. సౌండాయన లేడు. ఏం చేద్దామని ముప్పై ఏడు మందీ ఫోను చుట్టూ మూగి అడుగుతుండగా, ఇక్కడ, భార్య ఆయన దగ్గర ఉంచి వెళ్లిన రెండో ఫోను మోగింది.

"కాస్త ఆగండి," అన్నాడు మేస్త్రి, డైరెక్టరు గారితో. పాతికేళ్లలో ఆయన్ని ఆగమన్నది అదే మొదటిసారి.

"ఆడపిల్ల," అంది భార్య. "ఇద్దరూ బాగున్నారు. ముక్కు నీదే. ఏడుపు మాత్రం నీది కాదు, ఊరంతా వినబడింది. వింటున్నావా? ఏదైనా అనవయ్యా."

మేస్త్రి బల్ల మీదనుంచి లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. పచ్చి చెక్కతో చేసిన బల్లేమో, సన్నగా మూలిగింది.

"అదే," అన్నారు డైరెక్టరు గారు అవతలి ఫోనులో. "అదే మేస్త్రీ. మళ్లీ ఒకసారి."

ఆయన పదకొండుసార్లు లేచి కూర్చున్నాడు. కుక్క ఆయన లేచినప్పుడల్లా లేచింది.

ఆరు రోజుల అనుమతి మీద వెళ్లిన తలుపు మూడు నెలలకు తిరిగి వచ్చింది. మనుషులు చెప్పిన రోజుకే వచ్చేశారు. తలుపు మాత్రం విమానాశ్రయపు సామాను కొట్లో, పేరు ముందా ఇంటిపేరు ముందా అని తేలేదాకా ఆగింది. దరఖాస్తులో దాని ఇంటిపేరు ఎవరూ రాయలేదు. ఒంటినిండా చీటీలతో, ముద్రలతో వచ్చింది. లోపల తీయాల్సిన ఇంకొక షాటు అక్కర్లేదని ఈలోగా తేలింది. కంటిన్యుటీ పెద్దమనిషి వచ్చి ఆఖరి ఫొటో తీసుకుని, కుక్కను ఇక పంపేయవచ్చని లిఖితపూర్వకంగా తెలియజేశాడు. కుక్క వెళ్లలేదు.

మేస్త్రి తలుపు బిగించాడు. ఇంటికి తిరిగొచ్చిన భార్య బయట నిలబడి ఒకటికి రెండుసార్లు వేసి తీసింది. ఏడు నెలల తర్వాత ఆ ఇంటికి తాళం పడింది. ఇద్దరూ కలిసి రైలెక్కి వెళ్లారు. మనవరాలికి అప్పటికి మూడు నెలలు నిండాయి. ముక్కు ఆయనదే. ఆయన పిల్లను చంకనేసుకుని, నిలబడితే ఎంత ఎత్తుంటుందో చేత్తో కొలిచి చూసుకున్నాడు.

సినిమా విడుదలైంది. తలుపు తెరుచుకునే దృశ్యం రెండు రెప్పపాట్లు ఉంది. జనం కంటనీరు పెట్టుకున్నారు. ఆ మూలుగులో పరాయి దేశపు చలి వినబడిందని పత్రికలవారు రాశారు.

మర్నాడే ఎదురింటి దర్జీ వచ్చాడు. ముప్పై ఏళ్లుగా రోజూ ఆ తలుపు తోసుకుని వచ్చి మంచినీళ్లు తాగి పోయే మనిషి.

"అన్నా, సినిమాలో తలుపు చూశావా? మా ఇంటికి అట్లాంటిది కావాలి."

మేస్త్రి తలుపు మీద చెయ్యి వేశాడు. "ఇదే అది."

దర్జీ తలుపు వంక చూశాడు, మేస్త్రి వంక చూశాడు, జాలిగా నవ్వాడు. "ఊరుకో అన్నా. దీన్ని పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి చూస్తున్నా. అది ఫారిన్ తలుపు. ఆ చెక్క వేరు, ఆ పనితనం వేరు. మనవాళ్లకు చేతకాదులే. నీకు చేతనైనంతలో చెయ్యి."

లోపల్నుంచి భార్య గొంతు వినబడింది. "చేస్తాడులే తమ్ముడూ. మాక్కూడా అట్లాంటిదే ఒకటి చెయ్యమని చెప్పు."

ఆ వీధిలో ఇప్పటికి పంతొమ్మిది తలుపులయ్యాయి. అన్నీ కొయ్యమేకుల మీద తిరిగేవే, అన్నీ మూలిగేవే. తలుపుతో పాటు చీటీలు కూడా అంటించాలని కొందరి షరతు. మేస్త్రి కాదనడు. కొలతలు తీసుకుని వస్తాడు.

మీకు కూడా కావాలంటే కబురు పెట్టవచ్చు. వచ్చినప్పుడు ఆయన ఎక్కువ మాట్లాడడు. మీరు తీసి పారేయబోయే పాత తలుపు దగ్గర కాసేపు ఆగి, అరచేత్తో ఒకసారి నిమిరి, "ఇది ఎవరు చేశారండీ?" అని మాత్రం అడుగుతాడు. పంతొమ్మిది ఇళ్లలో అడిగాడు. మీరైనా జవాబు కనుక్కుని ఉంచండి.